ఒక్క గిన్నె

కౌంటర్ వెనక రోజంతా
ఊరి నిద్రల్నీ ఊరి గుబుళ్ళనీ
అట్టపెట్టెల్లో సర్ది, పేరు అంటించి ఇస్తాను.
"తిన్నాక" అంటాను. "పడుకునే ముందు" అంటాను.
అవి పనిచేస్తాయి. వాటితో నాకే పేచీ లేదు.
నాకొచ్చింది మాత్రం
ఇంకా మాత్ర దాకా రాని దిగులట.
"ముందు కాస్త నడువు,
మూడు వారాలాగి మళ్ళీ రా" అంది డాక్టరమ్మ.

సండర్లాండ్‌లో జనవరి.
నాలుగు కొట్టకముందే సముద్రం దీపం ఆర్పేసుకుంటుంది.
సెలవు రోజైతే
పొద్దు వచ్చిందీ పోయిందీ
దుప్పటి లోపలికి కబురందదు.
సింకులో గిన్నెలు ఒకదాని మీద ఒకటి
పంచాయితీకి కూర్చున్న పెద్దల్లా
నా గురించే ఏదో తేల్చేస్తుంటాయి.

అన్నీ తోమాలనుకుంటే ఒక్కటీ తోమను.
అందుకని ఒక రోజు బేరమాడాను:
ఒక్క గిన్నె. అంతే.
పాలగిన్నె. అడుగంటి, అంచుల్లో మీగడ అట్టకట్టి.
వేణ్ణీళ్ళు పోసి, గోటితో గీకి,
కిటికీ కేసి ఎత్తి చూస్తే
లోపల ఒక వంకర మొహం.
నాదే. కాసేపటికి పోల్చుకున్నాను.
రెండో గిన్నె జోలికి పోలేదు.
మాటంటే మాటే.

నడక, చెప్పినంత సులువేం కాదు.
సగం రోజులు బూటు లేసుల దగ్గరే ఓడిపోయాను.
ఒకసారి ఒంటికాలి బూటుతో
మెట్ల మీద ఇరవై నిమిషాలు కూర్చున్నాను.
అప్పుడే తెలిసింది,
పదకొండున్నరకి తలుపు అద్దంలోంచి
మూడో మెట్టు మీదికి ఎండ వస్తుందని.
రుమాలంత ఎండ.
కాలు చాపితే మడమ దాకా సరిపోయింది.
ఆ ఇరవై నిమిషాలూ నడకలోనే జమ వేసుకున్నాను.

రోకర్ ఒడ్డున గాలి పలకరించదు, చెంప మీద కొడుతుంది.
లైట్‌హౌస్ దాకా అని బయల్దేరి
మొదటి బెంచీ దాకా వెళ్ళి వచ్చేదాన్ని.
ఆ బెంచీ మీద రోజూ ఒక ముసలాయన,
ఆయన కోటు కింద చలికి వణికే సన్నకుక్క.
"ఆల్‌రైట్, పెట్?" అంటాడు.
ఈ ఊళ్ళో అందర్నీ అలాగే అంటారు, తెలుసు.
కానీ నా చెవి కాకినాడ చెవి.
'పెట్టు' అనే విన్నది.
ఏం పెట్టను నాయనా, నా దగ్గరేముందని?
ఇంటి దాకా ఆ మాట
కోటు జేబులో చిల్లరలా గలగలలాడింది.

ఆ సాయంత్రం బియ్యప్పిండి డబ్బా దించాను.
వాము, కారం, నానిన పెసరపప్పు.
చేగోడీలు చుట్టడానికి వేళ్ళు చాలు, మనసు అక్కర్లేదు.
నాలుగు చుట్టేసరికి రేడియో పెట్టాను.
పది చుట్టేసరికి
రేడియోలో మనిషితో వాదిస్తున్నాను.
మొదటి వాయి మాడింది.
రెండోదీ కొంచెం మాడింది.

మర్నాడు రేకు కాగితంలో చుట్టి ఇచ్చాను.
గాలికి వీపు తిప్పి ఒకటి కొరికాడు.
ఆ కరకర అలల హోరులోంచి కూడా వినపడింది.
"గొళ్ళెంలా ఉంది, గట్టిగా" అని
ఇంకొకటి తీసుకున్నాడు.
పేరు నార్మన్ అట. కుక్క పేరు డచెస్.
డచెస్ ఒకటి తిని, వాముకి తుమ్మింది.
నవ్వాను.
అలవాటు తప్పిన గొంతు కదా,
నవ్వు వెనకే దగ్గొచ్చింది.

ఇక్కడితో అయిపోతే బాగుండేది.
గురువారం మళ్ళీ దుప్పటి బరువెక్కింది.
కర్టెన్ తీయనా అని కర్టెన్‌నే అడిగాను.
అది ఏమీ అనలేదు.
గిన్నెల పంచాయితీ మళ్ళీ మొదలు.
అయితే పదకొండవుతుంటే ఏదో బెంగ,
నా గురించి కాదు.
నిన్న ఆ బెంచీ ఖాళీగా ఉంది.
వానకి రాలేదా?
కుక్కకి ఒంట్లో బాగా లేదా?
కొంపదీసి, చేగోడీ పడలేదా?

ఒక లేసు కట్టాను.
మూడో మెట్టు మీద ఇవాళ ఎండ లేదు.
వంటింట్లో బోర్లించిన పాలగిన్నె
ఒక్కో చుక్కా వదులుతోంది.
రెండో లేసు ముడిపడింది.
విప్పి, మళ్ళీ కడుతున్నాను.